మూడు ఫ్యాన్ల కార్డు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో ఒకే వంశంలో పుట్టిన అన్నదమ్ముల బిడ్డలిద్దరున్నారు. ఒక సింహాసనం, దాని కోసం పోరు, దూరదేశం నుంచి వచ్చిన దివ్యాస్త్రం, ఉప్పుగాలి వీచే తీరం, అన్నీ చూస్తూ మౌనంగా ఉండిపోయిన ఒక వృద్ధమాత కూడా ఉన్నారు. ఇంత చెప్పాక నిజం కూడా చెప్పాలి కాబట్టి చెప్పేస్తున్నాను. సింహాసనమంటే మా ముందుగదిలో ఒక చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. దివ్యాస్త్రం గ్రాఫిక్స్ కార్డు. పోరులో గాయపడింది నేనొక్కణ్ణే, అదీ కంప్యూటరు కేబినెట్ రేకు అంచు వేలికి కోసుకుని. వృద్ధమాత మా మామ్మ. ఆవిడ మౌనంగా ఉండిపోయిందన్నది శుద్ధ అబద్ధం, నిద్రలో కూడా ఎవర్నో ఒకర్ని మందలిస్తూనే ఉండేది.

జ్ఞాపకాలు రాయడానికి ఒక వయసు రావాలంటారు. నేనింకా ముప్పై దాటలేదు. కాని నడుం పట్టేస్తోంది, ఇంటర్ కుర్రాళ్ళు కనిపిస్తే "మా రోజుల్లో" అన్న మాట దానంతటదే నోట్లోంచి ఊడిపడుతోంది, అర్హత వచ్చేసిందనే అనుకుంటున్నాను. దానికి తోడు పోయిన నెలలో పెద్దమ్మ ఫోన్ చేసింది. చంటికి పెళ్ళి కుదిరింది, మేడ మీద గదికి రంగులు వేయించాలి, అందులో ఉన్న కంప్యూటరు తీసేయాలి. "నువ్వు కంప్యూటర్లే గదా చదివేవు బాబీ, ఒక్కసారొచ్చి విప్పి పెట్టెయ్యి నాన్నా. పైవాళ్ళు ముట్టుకుంటే మీ అన్నయ్య ఒప్పుకోడు" అంది. నేను చదివినదానికీ కంప్యూటరు విప్పడానికీ ఏ సంబంధమూ లేదు. కాకినాడలో ఒక ఆఫీసులో కూర్చుని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. చంటి నాకు అన్నయ్య కావడం కూడా పేరుకే, నాకంటే కొద్ది వారాలు ముందు పుట్టాడంతే. ఆ కొద్ది వారాల పుణ్యాన వాడికి జీవితాంతం 'అన్నయ్యా' అనిపించుకునే హక్కు దొరికింది. నేను కుళ్ళుకోవడం అక్కడే, ఉయ్యాల్లోనే మొదలైందని నా అనుమానం. అయినా వెళ్ళాను. ఎందుకంటే ఆ కంప్యూటరు లోపల ఏముందో నాకు తెలుసు. నా పదిహేడో ఏడు మొత్తం దాన్ని తలుచుకుని కుమిలిపోవడానికే ఖర్చయింది.

అప్పట్లో మా ఇల్లు అమలాపురం నుంచి అల్లవరం వెళ్ళే దారిలో ఒక కొబ్బరితోటలో ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది గాని, ఇలాంటి రాతల్లో 'ఉండేది' అనడం మర్యాద. గుమ్మం దాటగానే తడిసిన కొబ్బరి పీచు వాసన వచ్చేది. ఆ వెనకే మామ్మ తలకు రాసుకునే నూనె వాసన, అన్నిటి మీదా మధ్యాహ్నం కాఫీ డికాషన్ వాసన. మంచాల కింద కాయలు, బియ్యం డబ్బాల వెనక కాయలు, కాలు చాపితే కాయ తగిలేది. ఆ కాయల రాశికీ గోడకీ మధ్య ఒక బల్ల మీద మా కంప్యూటరు కూర్చునేది. అంబాజీపేటలో మూతపడిన ఒక నెట్ సెంటరు నుంచి నాన్నగారు చవగ్గా తెచ్చారు. దాని మీటల్లో సగం అక్షరాలు అరిగిపోయి, ఏ మీట ఏదో చేతి అలవాటు మీద తెలుసుకోవాల్సి వచ్చేది. మామ్మ దాన్ని రోజూ పొద్దున్నే చీర చెంగుతో తుడిచి, పాత వాయిల్ చీర ముక్క కప్పేది. ఆయుధపూజ నాడు దానికి గంధం, కుంకుమ పెట్టేది. ఆ కుంకుమ లోపలి ఫ్యాన్‌లో పడి, దసరా వెళ్ళిన నెలకి కూడా కంప్యూటరు వేసినప్పుడల్లా వెనక గోడ మీద ఎర్రగా కాస్త చల్లేది. చూసినవాళ్ళు భయపడేవారు. మామ్మ మాత్రం "శుభవేరా" అనేది.

సాయంత్రం ఐదయ్యేసరికి మా ముందుగది నిండిపోయేది. చంటి సైకిలు మీద వచ్చేవాడు, వాడితో పాటు మా క్లాసు వాసు, మరో ఇద్దరు ముగ్గురు. మేం ఆడేది ఒక కార్ల పందెం ఆట. ఒక్కొక్కరికి ఒక్కొక్క పందెం, అవగానే లేవాలి. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరిది వంతు, ఎవరు బుకాయిస్తున్నారు అన్న తీర్పులన్నీ నావే, ఎందుకంటే కుర్చీ నాది. ఆ తర్వాత నా జీవితంలో అంత అధికారం మళ్ళీ రాలేదు, ఆఫీసులో నా కింద నలుగురు పనిచేస్తున్న ఇప్పుడు కూడా. మామ్మ కొబ్బరి లౌజు పళ్ళెంలో తెచ్చేది. చంటి అందరికంటే ముందు తన వాటా తినేసి, తర్వాత నా వాటా వైపు చూసేవాడు. ఇచ్చేసేవాణ్ణి. రాజుకి ఆ మాత్రం ఔదార్యం ఉండాలి గదా.

రాజ్యం పోవడానికి కారణం రొయ్య. పెదనాన్నగారు వాళ్ళ వాటా వరిపొలం తవ్వించి చెరువులు చేశారు. మా నాన్నగారు ఒద్దన్నారు, కొబ్బరే చాలన్నారు. రొయ్యలు పట్టి అమ్మిన మొదటి పట్టుబడికే పెదనాన్నగారికి కలిసొచ్చింది. రెండో దానికి చెరువు గట్టు పక్కనే మేడ లేచింది. ఆ మేడలో ఒక వింత ఏమిటంటే, కరెంటు సాకెట్లన్నీ మనిషి తలకి మూరెడు ఎత్తున ఉంటాయి. చెరువుల మీద నీళ్ళలో గాలి తిప్పే ఏరియేటర్లు బిగించే వీర్రాజు గారే ఇంటికి కూడా వైరింగు చేశారు. ఆయనకు ఒకటే సిద్ధాంతం. "కింద పెట్టకూడదండీ ఏదీను. చెమ్మెక్కేస్తది, ఉప్పట్టేస్తది. పైన పెట్టేసుకుంటే మరి చూస్కోనక్కర్లేదండీ, ఆయ్" అనేవారు. చెరువు గట్టు మీద అది ప్రాణాలు కాపాడే మాట. ఆ ఇంట్లో ఫోన్ చార్జింగు పెట్టుకోవాలంటే మాత్రం పెద్దమ్మ ముక్కాలిపీట ఎక్కేది.

ఆ మేడలోకి చంటి కోసం కొత్త కంప్యూటరు వచ్చింది. రాజమండ్రిలో ఎవరికో చెప్పి ప్రత్యేకంగా కట్టించారు. వాసు దాన్ని చూసి వచ్చి మా గుమ్మంలోనే ప్రకటించాడు. "ఒరేయ్, గ్రాఫిక్స్ కార్డుకే మూడు ఫ్యాన్లంటరా."

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. కంప్యూటరు తెర మీద బొమ్మలు గీసే పని ఎవరో ఒకరు చెయ్యాలి. ప్రత్యేకంగా ఎవర్నీ పెట్టుకోకపోతే, కంప్యూటరే మిగతా చాకిరీ మధ్యలో ఆ పని కూడా ఉన్నంతలో కానిచ్చేస్తుంది, పెళ్ళింట్లో వంటవాడు రాకపోతే ఆడపడుచులే వండేసినట్టు. గ్రాఫిక్స్ కార్డంటే ఆ పనికోసమే పిలిచిన వంటవాడు. మా ఇంట్లో అప్పటిదాకా ఆడపడుచుల వంటే. చంటి ఇంట్లో దిగిన వంటవాడికి విసరడానికే మూడు ఫ్యాన్లు.

"ఫ్యాన్లు మూడా?" అన్నారు నాన్నగారు భోజనం దగ్గర. "మనింట్లో మనుషులకే రెండున్నాయి."

కంప్యూటరు బిగించే రోజున పెద్దమ్మ మమ్మల్నందర్నీ భోజనానికి పిలిచింది. పై గదిలో వీర్రాజు గారు కనెక్షన్లు ఇస్తుంటే అందరూ చుట్టూ మూగి చూస్తున్నారు. నేను కింద వరండాలో కూర్చుని రొయ్యల వేపుడు తిన్నాను. పైకి వెళ్ళకపోవడానికి కారణం ఆకలి అని పెద్దమ్మ అనుకుంది. "పాపం పిల్లాడు, ఇంట్లో సరిగ్గా తింటల్లేదేవో" అని మా అమ్మ వైపు చూసింది. మా అమ్మ నా వైపు చూసింది. అంత రుచిగా కుళ్ళుకోవడం అదే మొదలు. నేను పైకి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఉప్పుగాలి తగలకుండా పెద్దమ్మ వడ్రంగి చేత చేయించిన చెక్క గూట్లో, వీపు గోడకి ఆనించి, కేబినెట్ దేవుడిలా కొలువుతీరింది. దాని పక్క తలుపు అద్దంలోంచి మూడు ఫ్యాన్లూ రంగులు మారుతూ తిరుగుతున్నాయి. ముందు ఎరుపు, తర్వాత నీలం, తర్వాత పేరు తెలియని ఇంకో రంగు.

చంటి కార్ల పందెం పెట్టాడు. అందులో ఒకచోట వాన పడుతుంది. మా కంప్యూటర్లో వానంటే కొన్ని తెల్ల గీతలు, కింద ఎండిపోయిన సిమెంటు రోడ్డు. వాసు నా డొక్కలో పొడిచి, "చూడరా, రోడ్డు మీద నీళ్ళలో దీపాలు కనపడతన్నాయ్" అన్నాడు. నేను చూశాను. కనపడ్డాయి. ఒట్టు. ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు, ముందు పోయే కారు వెనక లైట్లు, అన్నీ ఆ తడి రోడ్డులో సాగి, వణికి, విరిగి మళ్ళీ కలిశాయి. "అవునురా, ఎంత బాగా కనపడుతున్నాయో" అని పైకే అనేశాను. మధ్యమధ్యలో బొమ్మ కాస్త ఆగి ఆగి కదిలింది. "ఏరియేటర్లు వేసేర్రా, లో-వోల్టేజి" అన్నాడు చంటి. కంప్యూటరు ఆగడానికి కూడా వాడి దగ్గర పెద్దింటి కారణముంది. మాది ఆగితే ముసలిదై ఆగినట్టు, వాళ్ళది ఆగితే చెరువులో లక్షల రొయ్యలు ఊపిరి పీల్చుకుంటున్నందుకు ఆగినట్టు.

ఆ మర్నాటి నుంచి మా ముందుగదికి ఎవరూ రాలేదు. మామ్మ లౌజు చేసి పళ్ళెంతో వచ్చి, ఖాళీ గది చూసి, "ఏరా, అందరికీ ఒక్కసారే జొరవొచ్చిందా" అంది. రాజ్యం ఉంది, కుర్చీ ఉంది, ప్రజలే లేరు. వాసు దారిలో కనిపిస్తే తప్పు చేసినవాడిలా సైకిలు బెల్లు కొట్టి వెళ్ళిపోయేవాడు. చంటి కనిపిస్తే ఇంకా ఘోరం, వాడు మామూలుగానే పలకరించేవాడు. గర్వం చూపించి ఉంటే సుఖంగా తిట్టుకునేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. నాక్కావలసింది నిజానికి కార్డు కాదు, సాయంత్రం ఐదింటికి నిండే ఆ గది. కాని గది నిండాలంటే తడి రోడ్డులో దీపాలు కావాలి, దీపాలకు కార్డు కావాలి. అందుకని నాన్నగారిని అడిగాను.

మా నాన్నగారు దేన్నీ ఒద్దనరు. ఆలోచిస్తాననీ అనరు. దొడ్డివైపు వరస చెట్లు చూపించి, "ఈ వరస దింపు నీదిరా. ఎంతొస్తే అంతలో కొనుక్కో" అన్నారు. దింపంటే చెట్లెక్కి కాయలు కోయించడం. అలా నా గ్రాఫిక్స్ కార్డు ఎంత పెద్దదన్నది మా దొడ్లో గెలల చేతిలో పడింది. ఆ రోజు నుంచి నేను కాలేజీ పుస్తకాలు వదిలేసి తల పైకెత్తుకుని తిరిగాను. ఆ ఏడు తోటలకు తెల్లదోమ పట్టింది. ఆకుల కింద అది తెల్లగా పేరుకుని రసం పీలుస్తుంటే, పీల్చేది నా కార్డులోని మెమరీనే అనిపించేది. పై గెలల్లో ఉడతలు, ఎలుకలు. రోజూ పొద్దున్న చెట్టు కింద కన్నం పడ్డ కాయ ఒకటి దొర్లుతూ కనిపించేది. మామ్మ దాన్ని తీసి "పాపం, ఎలక్కి మాత్రం ఆకలెయ్యదా" అనేది. ఎలుక పక్షం వహించే మనిషితో ఏం మాట్లాడతాం?

పైగా అవి లోకమంతా కార్డుల కరువొచ్చిన రోజులు. ఎక్కడో ఎవరో కంప్యూటర్లలో కనిపించని నాణేలు తవ్వుకుంటున్నారట, ఆ తవ్వకానికి గ్రాఫిక్స్ కార్డులే గునపాలట, దొరికినవన్నీ వాళ్ళే కొనేస్తున్నారట. ఇది నాన్నగారికి ఓపిగ్గా వివరించాను. ఆయన అంతా విని, "తవ్వితే డబ్బులొచ్చేది చెరువొక్కటే అనుకున్నానే" అన్నారు. ఆయనకి కూడా అన్నగారి మీద కాస్త కుళ్ళుందని అప్పుడు అర్థమైంది. మాది వంశపారంపర్యమన్నమాట. కొంచెం ధైర్యం వచ్చింది.

దింపు అయింది, వ్యాపారి వచ్చి కాయలు పట్టుకెళ్ళాడు. ఆ వచ్చినదాంతో నాన్నగారూ నేనూ అమలాపురం వెళ్ళాం. గడియార స్తంభం దగ్గర ఒక సందులో సూరిబాబు గారి కంప్యూటర్ల కొట్టు. ఎంత బడ్జెట్టో చెప్పగానే ఆయన మొహం పెళ్ళిచూపుల్లో కట్నం తక్కువన్నప్పటి మధ్యవర్తి మొహమైంది. అయినా మర్యాదస్తులు, మూడు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది కొత్తదండీ, చిన్నది. మెమరీ రెండు జీబీ."

"ఇందులో వాన రోడ్డు మీద దీపాలు కనపడతాయాండీ?" అన్నాను.

"వాన కనపడుద్దండీ, ఆయ్. దీపాలు కొంచెం మీరు అనుకోవాలి."

రెండోది పెద్దది, మెరుపుది, మూడు ఫ్యాన్లది, చంటి దానికి తమ్ముడి వరస. నా గుండె ఆగింది. ధర విన్నాక నాన్నగారిది ఆగింది. దానికి కరెంటు సరఫరా చేసే డబ్బా కూడా వేరే కొనాలని సూరిబాబు గారన్నప్పుడు ఇద్దరివీ ఒకేసారి ఆగాయి. మూడోది పాతది, రెండు ఫ్యాన్లది, నాలుగు జీబీ. మా ధరలో ఉంది. "ఇది విశాఖపట్నంలో తవ్వకంలో పనిచేసొచ్చిందండీ. అబద్ధం చెప్పడం దేనికి" అన్నారు సూరిబాబు గారు.

నాన్నగారు మూడు కార్డులూ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నారు. బరువు చూశారు. తర్వాత, ముప్పయ్యేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. కాయలో నీళ్ళున్నాయో లేదో అలాగే చూస్తారు. కొట్టులో ఉన్న నలుగురూ మావైపు తిరిగారు. నేను గోడ మీద వేలాడే మౌసుల ధరలు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

"చప్పుడు రాటల్లేదేంటండీ?"

"రాకపోడవే మంచిదండీ."

"మరి ఈ కొత్తదాన్లో లొడలొడమంటందే?"

సూరిబాబు గారు తీసుకుని తనూ ఊపి, కాసేపు ఆలోచించి, ఆ డబ్బాను మెల్లగా బల్ల కిందికి దింపేశారు. "అది రేపు కంపెనీకి పంపిచ్చేస్తానండీ" అన్నారు. అలా మా బడ్జెట్టులో మిగిలింది ఒక్కటే. నాకు మాత్రం కళ్ళన్నీ మూడు ఫ్యాన్లదాని మీదే ఉన్నాయి. "నాన్నగారూ, ఇంకో దింపు దాకా ఆగితే..." అన్నాను. "ఇంకో దింపు నాటికి ఎలక కూడా పెద్దదవుద్దిరా" అన్నారాయన. పాత కార్డు సంచిలో వేసుకుని బస్సెక్కాం. దారంతా సంచి ఆయన ఒళ్ళోనే ఉంది. రెండుసార్లు మళ్ళీ ఊపి చూశారు.

ఇంటికొచ్చి బిగిస్తే కార్డు పొడుగై కేబినెట్ పక్క తలుపు మూసుకోలేదు. వేలు తెగింది ఇక్కడే. తలుపు తీసేసి అలాగే వదిలేశాం. లోపలికి బల్లి దూరుతుందని మామ్మ తన జాకెట్టు గుడ్డ ముక్క తెచ్చి తెరలా కట్టింది. మూడు ఫ్యాన్లు రంగురంగుల దీపాలతో కొలువుండే చోట వాడిది, పువ్వుల జాకెట్టు గుడ్డ వెనక సిగ్గుపడుతూ తిరిగే రెండు ఫ్యాన్లు నావి. ఆట పెట్టాను. వాన వచ్చింది. రోడ్డు తడిసింది. నీళ్ళలో దీపాలు కనపడ్డాయి. కాని వాడి దీపాలు వేరు. వాడి దాంట్లో ఉన్న ఆ తేట, ఆ వణుకు, ఆ లోతు ఇందులో లేవని నాకు స్పష్టంగా తెలిసిపోయింది. నాలుగు జీబీ నాలుగు జీబీయే, ఏం చేస్తాం అనుకున్నాను.

చంటికి కబురు పంపాను. వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి, వంతు లేకుండా వాడికే ఇచ్చాను. వాన రోడ్డు మీద వాడు కారు ఆపేశాడు. పందెం మధ్యలో, మిగతా కార్లన్నీ దాటిపోతుంటే, ఊరికే ఆపేసి తెర దగ్గరికి వంగి చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. "బానే ఉందిరా" అన్నాడు చివరికి. అంతే. లేచాడు. మామ్మ లౌజు పళ్ళెంతో వచ్చింది. "ఆకలిగా లేదు మామ్మా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక చంటి లౌజు వద్దన్నది అదొక్కసారే. మహారాజులు పేదింటి విందు చూసి చూపించే జాలి అది, నాకు తెలియదా? సైకిలు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, వాడి వీపును కళ్ళతో కాల్చాను.

తర్వాత వాసు మోసుకొచ్చిన వార్తలు. పెదనాన్నగారు ఆ కంప్యూటరు కోసం ప్రత్యేకంగా స్టెబిలైజరు కొన్నారు. నేను కుళ్ళుకున్నాను. ఇంకా పెద్ద స్టెబిలైజరు కొన్నారు. ఇంకా కుళ్ళుకున్నాను. చంటికి బంగారు రంగు ఫ్రేము కళ్ళజోడు వచ్చింది, అందులో వాడు ఇంజనీరులా ఉన్నాడు. దానికి కూడా కుళ్ళుకున్నాను. అద్దాల సైటు రావాలని మంచం మీద పడుకుని చీకట్లో ఫోను చూసిన మనిషిని నేను. సైటు నాకు ఉద్యోగం వచ్చాక గాని రాలేదు. ఏదీ వాడితో సమానంగా రాలేదు. కుర్చీ కూడా ఒకరోజు మిగిలిన చెయ్యి ఊడి దొడ్లోకి వెళ్ళింది. మామ్మ పోయింది. చంటి చెరువులు చూసుకుంటున్నాడు, నేను తప్పులు చూసుకుంటున్నాను. ఇప్పుడు నా జీతానికి ఏ కార్డయినా వాయిదాల్లో కొనగలను, ఒక్క రోజు కూడా కొనాలనిపించలేదు. కొన్నా సాయంత్రం ఐదింటికి ఎవరొస్తారు? ఐదింటికి నాకు మీటింగుంటుంది. అప్పుడు గెలలు లెక్కపెట్టి కోరుకున్నంత గట్టిగా దేన్నీ కోరుకోవడం ఇప్పుడు చాతకావట్లేదు. కుళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు, ఏ మరమ్మతూ లేకుండా పనిచేస్తోంది.

ఇక పోయిన నెల. పెదనాన్నగారి మేడ మీద గదిలోకి వెళ్ళేసరికి చెక్క గూట్లో అది అలాగే ఉంది, వీపు గోడకి ఆనించి. చంటి మంచం మీద కూర్చుని శుభలేఖల మీద పేర్లు రాస్తున్నాడు. నేను గూడును రెండు చేతులతో ఇవతలికి లాగాను. బిగించిన రోజు తర్వాత దాని వీపును మనిషి కన్ను చూడటం అదే మొదలు. సాలెగూళ్ళు తుడిచాను. మోనిటర్ కేబుల్ పీకబోతూ ఆగిపోయాను.

కేబినెట్ వీపు మీద బొమ్మ బయటికొచ్చే కన్నాలు రెండు చోట్ల ఉంటాయి. పైన ఉండేవి కంప్యూటరు సొంతవి, ఆడపడుచులవి. కింద అడ్డంగా ఉండేవి కార్డువి. కేబుల్ పైన ఉంది. కింద కార్డు కన్నాలకు కంపెనీవాళ్ళు పెట్టి పంపిన నల్ల రబ్బరు మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వంటవాణ్ణి అంత దూరం నుంచి పిలిపించి, పందిట్లో కూర్చోబెట్టి, మూడు ఫ్యాన్లతో విసిరి, ఇన్నేళ్ళూ వడ్డన మాత్రం ఇంట్లోంచే చేశారు.

"ఏరా, అలా గోడకేసి చూస్తన్నావేంటి?" అన్నాడు చంటి.

"అన్నయ్యా, ఈ కేబుల్ ఎవరు పెట్టేరు?"

"వీర్రాజు గారు. ఎందుకు?"

"తర్వాత ఎవరన్నా ముట్టుకున్నారా?"

"ముట్టుకోనిస్తానా?" అన్నాడు వాడు, ఎంతో గర్వంగా.

వాడు కలం పక్కన పెట్టాడు. "ఒక మాట చెప్తాను, నవ్వకూడదు. ఆ రోజు మీ ఇంట్లో వాన రోడ్డు చూసొచ్చేక నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదురా. కొబ్బరికాయలమ్ముకుని కొన్న పాత కార్డు నీది. దాన్లో దీపాలు నీళ్ళలో ఈదుతున్నాయి. నాదాన్లో ఎండిపోయిన రోడ్డు. వోల్టేజనుకున్నాం. నాన్నగార్ని ఏడిపిచ్చి స్టెబిలైజరు కొనిపిచ్చేను. ఆనక ఇంకోటి."

"నీదాన్లో కనపడేవి కదా!"

"నువ్వే గదరా అన్నావు కనపడతన్నాయని! నువ్వూ, ఆ వాసుగాడూ. మీ ఇద్దరికీ కనపడి నాకు కనపడటల్లేదేంటని అమలాపురంలో కంటి డాక్టరు దగ్గరికెళ్ళేను. ఆయన చూసి అద్దాలిచ్చేరు. అప్పట్నుంచే ఇవి" అని బంగారు ఫ్రేము తీసి చూపించాడు. "అందుకే మరి మీ ఇంటికి రాలేదు. నీ కార్డు చూస్తే ఒళ్ళు మండిపోయేది."

నేను మంచం మీద కూర్చున్నాను. ఆ రోజు ఆ తెర మీద లేని దీపాల్ని చూసింది నా కళ్ళే. అంత తేటగా, అంత వణుకుతో గీసింది ఏ కంపెనీ కార్డూ కాదు, నా కడుపుమంట. దానికి ఆ వయసులోనే ఎన్ని జీబీలుండేవో. నిజం దీపాలు మా ఇంట్లో, జాకెట్టు గుడ్డ వెనకాల, నా కళ్ళెదుటే వెలిగితే చప్పగా ఉన్నాయనుకున్నాను. రెండిళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళు, ఒకరి తెర చూసి ఒకరు, లౌజు మానేసి కుళ్ళుకున్నారు. మధ్యలో మామ్మ ఖాళీ గదిలో పళ్ళెం పట్టుకుని నిలబడింది. వాడి మీద ఖర్చుపెట్టిన కుళ్ళంతా ఇప్పుడు వెనక్కి తీసుకుందామంటే ఎక్కడా కౌంటరు లేదు.

లేచి, కేబుల్ పీకి, రబ్బరు మూత తీసి, కింది కన్నంలో పెట్టి, స్విచ్చి వేశాను. చాలా ఏళ్ళ తర్వాత మూడు ఫ్యాన్లూ దుమ్ము దులుపుకుంటూ తిరిగాయి. పాత ఆట అలాగే ఉంది. చంటి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాన మొదలైంది. రోడ్డు తడిసింది. ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు, ముందు కారు వెనక లైట్లు నీళ్ళలో సాగి, వణికి, విరిగి కలిశాయి. చంటి కళ్ళజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. రెండు రకాలుగానూ కనపడ్డాయి.

"ఇయ్యి ఎప్పట్నుంచి ఉన్నాయిరా ఇందులో?"

"మొదటి రోజు నుంచి, అన్నయ్యా."

కింది నుంచి పెద్దమ్మ, "ఒరేయ్, రంగులోళ్ళు వచ్చేసేరు, అయిందా?" అని కేకేసింది. ఇద్దరం కదల్లేదు. ఎంత బాగుందో ఆ బొమ్మ. నాదానికంటే చాలా బాగుంది, నాలుగు జీబీకి ఎక్కడా అందదు. మూడు ఫ్యాన్లంటే మూడు ఫ్యాన్లే. డొక్కలో ఎడమ పక్కన ఎప్పటి మంటో మెల్లగా రాజుకోవడం తెలుస్తోంది, ఈసారి తగిన కారణంతో.

మోనిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకున్న కన్నంలోనే పెట్టాలి. అది కేబినెట్ వెనక, కింది వైపు, అడ్డంగా ఉంటుంది.